రూట్ తలుపుకు ఆశ్చర్యార్థకమే తాళం

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆపేసింది. నిన్నమొన్నటిదాకా చక్కగా పనిచేసిన లాప్‌టాప్‌లోకి విండోస్ 11 ఎక్కదని తెలిశాక, కొత్తది కొనే స్తోమత లేనివాళ్లూ, కొనడం దండగ అనుకునేవాళ్లూ లినక్స్ వేయించుకుందామా అని ఆలోచించడం సహజం. వేయించుకోవడం అనే మాటలోనే అసలు సంగతంతా ఉంది. మన ఊళ్లలో ఆపరేటింగ్ సిస్టమ్‌ను తమంతట తాము వేసుకునేవాళ్లు తక్కువ. షాపులో ఇచ్చి వేయించేవాళ్లే ఎక్కువ. సాయంత్రం తిరిగి తెచ్చుకునేటప్పుడు టెక్నీషియన్ చీటీ మీద ఒక పాస్‌వర్డ్ రాసిస్తాడు, లేదా నోటితో చెబుతాడు. ఆ పాస్‌వర్డ్ ఏ తలుపు తెరుస్తుంది, అది ఇంకెవరెవరికి తెలుసు అని అడిగే అలవాటు మనకు లేదు. ఇంటి తాళంచెవి వేరొకరి దగ్గరుంటే నిద్రపట్టని మనం, బ్యాంకు లావాదేవీలూ పిల్లల ఫొటోలూ ఉన్న పెట్టె తాళంచెవి విషయంలో ఇంత నిబ్బరంగా ఎలా ఉంటున్నామో మరి. రూట్ పాస్‌వర్డ్ ఎంత గట్టిగా ఉండాలి, ఎన్నాళ్లకోసారి మార్చాలి అని సలహాలిచ్చేవాళ్లు చాలామంది ఉన్నారు. నేననేది వేరు: ఇంట్లోనో చిన్న ఆఫీసులోనో వాడే లినక్స్ డెస్క్‌టాప్‌లో రూట్‌కు అసలు పాస్‌వర్డే ఉండకూడదు.

ఈ మాట వినగానే కంగారు పడేవాళ్లుంటారు కాబట్టి రూట్ అంటే ఏమిటో ముందు చూద్దాం. 1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ మొదలుపెట్టిన యూనిక్స్ నుంచి వచ్చిన ఏర్పాటు ఇది. ఒకటే యంత్రం, దానికి తగిలించిన టెర్మినళ్ల ముందు పలువురు మనుషులు. ఒకరి ఫైళ్లు ఇంకొకరు చెరపకుండా ఒక్కో యూజర్‌కు ఒక్కో సంఖ్య ఇచ్చారు. ఆ సంఖ్యల్లో సున్నా మాత్రం వేరు. సున్నా సంఖ్య ఉన్న యూజర్ ఏం చేయబోయినా సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నల్ దాదాపుగా అడ్డు చెప్పదు. రూట్ అన్న పేరు ఆనవాయితీ మాత్రమే, అధికారమంతా ఆ సున్నాలోనే ఉంది. పాతకాలం ఊళ్లో కరణంగారి దస్తరంతో దీన్ని పోల్చవచ్చు. ఏ పొలం ఎవరి పేరున ఉందో రాసేదీ ఆయనే, దిద్దేదీ ఆయనే, దిద్దుబాటు జరిగిందా లేదా అని చూడాలంటే తెరవాల్సిన పుస్తకమూ ఆయన ఇంట్లోదే. రూట్ కూడా ఏ ఫైలునైనా మార్చగలదు, మార్చినట్టు నమోదైన చిట్టానూ చెరపగలదు. 1984లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కరణాలు, మునసబులు, పటేల్ పట్వారీల పదవులను రద్దు చేసినప్పుడు భూమి లెక్కలు రాసే పనేమీ ఆగలేదు. ఆ పనిని ఒక ఇంటికి కట్టిపడేసిన పదవి మాత్రం పోయింది. రూట్ విషయంలోనూ పని ఉంచి పదవి తీసేయడమే నేను కోరేది.

రూట్‌కు సొంత పాస్‌వర్డ్ ఉంటే జరిగేదేమిటి? అది ఒక మనిషిది కాదు, ఒక పదవిది. కాబట్టి ఆ పని చేయాల్సిన ప్రతి ఒక్కరికీ చెప్పాల్సిందే. చిన్న ఆఫీసులో యజమానికి, అకౌంటెంటుకు, ప్రింటర్ బాగుచేయడానికి వచ్చే కుర్రాడికి తెలుస్తుంది. ముగ్గురికి తెలిసింది రహస్యం ఎలా అవుతుంది? రూట్‌గా నేరుగా లాగిన్ అయితే చిట్టాలో రూట్ అనే ఉంటుంది, ఏ మనిషో ఉండదు. ‘ఎస్‌యూ’ కమాండుతో రూట్‌గా మారితే ఎవరు మారారన్నది నమోదవుతుంది గానీ, మారాక ఏమేం చేశారన్నది వారి పేరున ఉండదు. ముగ్గురిలో ఒకరు ఉద్యోగం మానేస్తే పాస్‌వర్డ్ మార్చి, మిగిలిన ఇద్దరికీ మళ్లీ చెప్పాలి. అంత ఓపిక ఎవరికుంటుంది? ఈ చిక్కుకు విరుగుడు 1980 ప్రాంతంలోనే దొరికింది. అమెరికాలోని బఫెలోలో న్యూయార్క్ రాష్ట్ర విశ్వవిద్యాలయం కంప్యూటర్ సైన్స్ విభాగంలో బాబ్ కోగెషాల్, క్లిఫ్ స్పెన్సర్ అనే ఇద్దరు ‘సుడో’ను రాశారు. దాని కిటుకు ఒక్క ముక్కలో చెప్పొచ్చు: అది రూట్ పాస్‌వర్డ్ అడగదు, నీ పాస్‌వర్డే అడుగుతుంది. నువ్వెవరో తేల్చుకుని, నీకు ఆ అనుమతి ఉందో లేదో జాబితాలో చూసి, ఆ ఒక్క కమాండు వరకు అధికారం అరువిచ్చి, నీ పేరుతో సహా చిట్టాలో రాస్తుంది. మనిషి వెళ్లిపోతే జాబితాలోంచి ఒక పేరు కొట్టేస్తే చాలు, మిగతావాళ్ల పాస్‌వర్డుల జోలికి పోనక్కర్లేదు. 2004 అక్టోబరులో ఉబుంటు అనే లినక్స్ రకం తొలి విడుదల రూట్‌కు తాళం వేసి, మొదటి యూజర్‌కు సుడో ఇచ్చి వచ్చింది. అప్పట్లో యూనిక్స్‌లో చేయి తిరిగిన పాతవాళ్లు చాలామంది పెదవి విరిచారు. ఇరవై ఏళ్లు దాటాక చూస్తే డెస్క్‌టాప్ లినక్స్‌లో చాలా భాగం ఆ దారికే వచ్చింది.

ఇక్కడ ఒక అపోహను విడదీసి చెప్పాలి. పాస్‌వర్డ్ లేకపోవడం వేరు, ఖాళీ పాస్‌వర్డ్ ఉండటం వేరు. లినక్స్ పాస్‌వర్డులను ఉన్నదున్నట్టు దాచదు. ఒక గణిత ప్రక్రియలో నలగ్గొట్టి, వచ్చిన పొడుగాటి అక్షరాల వరసను ‘షాడో’ అనే ఫైలులో పెడుతుంది. మనం కొట్టిన పాస్‌వర్డును అదే విధంగా నలగ్గొట్టి ఆ వరసతో సరిపోలుస్తుంది. ఆ గడి ఖాళీగా ఉంటే తలుపు బార్లా తీసినట్టే. ఆ గడిలో ఒక ఆశ్చర్యార్థకమో నక్షత్రం గుర్తో ఉంటే? ఏ పాస్‌వర్డును ఎంత నలగ్గొట్టినా అలాంటి ఒంటి గుర్తు రాదు. అంటే ప్రపంచంలోని ఏ పాస్‌వర్డూ ఆ తాళానికి సరిపోదు. ఊహించడానికి, కాజేయడానికి, చీటీ మీద రాసి పారేసుకోవడానికి అక్కడ ఏమీ లేదు. ఎంత కఠినమైన పాస్‌వర్డుకూ లేని సుగుణం ఇది. డెబియన్ అనే ఇంకో లినక్స్ రకాన్ని మామూలుగా ఇన్‌స్టాల్ చేసేటప్పుడు రూట్ పాస్‌వర్డ్ ఇమ్మని అడుగుతుంది. అక్కడ ఏమీ కొట్టకుండా ముందుకు పోతే అది రూట్‌కు తాళం వేసి, మొదటి యూజర్‌కు సుడో ఇస్తుంది. భద్రత మీద శ్రద్ధ ఉన్నవాళ్లు ఆ గడిని శ్రద్ధగా నింపుతారు. వదిలేయడమే మేలైన జవాబని ఆ తెర మీద ఇంకాస్త గట్టిగా చెబితే బాగుండేది.

దీనికి బలమైన అభ్యంతరం ఒకటుంది. లాగిన్‌కు ఒక పాస్‌వర్డ్, రూట్‌కు ఇంకొకటి ఉంటే రెండు తాళాలు కదా, సుడో వచ్చి రెండింటినీ ఒకటి చేసింది, నా పాస్‌వర్డ్ తెలిసినవాడికి కంప్యూటరంతా తెలిసినట్టే కదా అంటారు. బ్యాంకు లాకరు రెండు తాళంచెవులతో తెరుచుకున్నట్టే ఇదీ ఉండాలంటారు. కానీ లాకరు రెండు చెవులు ఇద్దరి చేతుల్లో ఉంటాయి. ఇక్కడ రెండు పాస్‌వర్డులూ ఒకే మనిషి, ఒకే కీబోర్డు మీద, ఒకే అకౌంటులో కూర్చుని కొడుతున్నాడు. ఆ అకౌంటులోకి దొంగ ప్రోగ్రాం దూరిందనుకోండి. టెర్మినల్ తెరవగానే నడిచే ఫైలులో అది ఒక్క వరస చేరిస్తే చాలు, ‘ఎస్‌యూ’ అని కొట్టినప్పుడు అసలుది కాక నకలు నడుస్తుంది. అదే ప్రశ్న అడిగి, పాస్‌వర్డ్ రాసుకుని, అసలుదానికి అందిస్తుంది. మనకు తేడా తెలియదు. తెరను నడిపే పాత ఎక్స్11 ఏర్పాటులోనైతే ఇంత కష్టం కూడా అక్కర్లేదు, ఒక ప్రోగ్రాంలో కొట్టే అక్షరాలను ఇంకో ప్రోగ్రాం వినగలదు. దాని స్థానంలో వేలాండ్ వచ్చాక ఆ రెండో దారి మూసుకుపోయింది గానీ మొదటిది మూసుకోలేదు. కాబట్టి కలుషితమైన అకౌంటులో కూర్చుని ఎన్ని పాస్‌వర్డులు కొడితే అన్ని పాస్‌వర్డులూ పోతాయి. రెండో పాస్‌వర్డ్ ఇచ్చేది భద్రత కాదు, భద్రంగా ఉన్నామన్న భ్రమ.

అయితే ఆ అభ్యంతరంలో నిజం లేకపోలేదు. రోజూ బ్రౌజర్ తెరిచే, వాట్సాప్ వెబ్ నడిపే, ఎవరో పంపిన అటాచ్‌మెంట్ నొక్కే అకౌంటుకే సుడో ఉండటం ఉబుంటు పద్ధతిలోని బలహీనత. దానికి మందు రెండో పాస్‌వర్డ్ కాదు, రెండో అకౌంటు. నిత్యం వాడే అకౌంటుకు సుడో తీసేయాలి. అడ్మిన్ పనికి వేరే అకౌంటు ఉంచి, టెర్మినల్‌లోంచి దానిలోకి దూకకుండా లాగిన్ తెర దగ్గరికి వెళ్లి దానిలో ప్రవేశించాలి. దూకితే పైన చెప్పిన నకలు కథే మళ్లీ మొదలవుతుంది. ఇదంతా ఎవరు చేస్తారు, చిరాకు కాదా అనొచ్చు. ఇంటి కంప్యూటర్‌లో అడ్మిన్ పని నిజంగా ఎంతుందో లెక్క వేసి చూడండి. ఉబుంటులో భద్రతా అప్‌డేట్లు వాటంతటవే పడేలా ముందే ఏర్పాటు ఉంది. ఫ్లాట్‌ప్యాక్ పద్ధతిలో చాలా అప్లికేషన్లను యూజర్ తన అకౌంటు వరకు వేసుకోవచ్చు, రూట్ ఊసే రాదు. మిగిలింది ఎప్పుడో కొత్త వెర్షనుకు మారడం, ఏదైనా చెడితే బాగుచేయడం. గాదె తాళం తీయాల్సింది వడ్లు కావాల్సినప్పుడే. దాని చెవిని రోజూ జేబులో వేసుకుని సంతకు వెళ్లక్కర్లేదు.

ఇంతకన్నా నన్ను ఇబ్బంది పెట్టే విమర్శ ఎదుటి దిక్కు నుంచి వస్తుంది. 2012 ఫిబ్రవరిలో లినక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ ఓపెన్‌సూసే అనే లినక్స్ రకం మీద బహిరంగంగానే నిప్పులు చెరిగారు. ఆయన కూతురు బడి నుంచి ఫోన్ చేసింది, అక్కడి ప్రింటర్‌ను కలుపుకోవాలంటే లాప్‌టాప్ అడ్మిన్ పాస్‌వర్డ్ అడుగుతోందని. వైఫైకి, ప్రింటర్‌కి, గడియారం సరిచేయడానికి కూడా రూట్ పాస్‌వర్డ్ అడిగేవాళ్లకు భద్రత అంటే ఏమిటో తెలియదన్నది ఆయన కోపం సారాంశం. ఆయన వాడిన మాటలు అచ్చు వేయదగ్గవి కావు గానీ, విషయంలో మాత్రం నూటికి నూరుపాళ్లు ఆయనదే న్యాయం. కాగితం అచ్చు వేసుకోవడానికి కావాల్సింది కరణం సంతకం కాదు. అవసరం లేని చోటల్లా పాస్‌వర్డ్ అడిగితే మనిషి ఆలోచించడం మానేసి చేతి అలవాటుగా కొట్టేస్తాడు, ఆపైన అవసరమైన చోటా అలాగే కొట్టేస్తాడు. 2021 నవంబరులో లక్షలమంది చూసిన వీడియోలో యూట్యూబర్ లినస్ సెబాస్టియన్ పాప్ ఓఎస్ అనే లినక్స్ రకంలో స్టీమ్ అనే ఆటల సాఫ్ట్‌వేర్ వేయబోతే, దానితోపాటు డెస్క్‌టాప్ మొత్తం తీసేయబోతున్నానని సిస్టమ్ హెచ్చరించింది. నిజంగా చేయమంటే ఒక పూర్తి వాక్యం టైప్ చేయమంది. ఆయన టైప్ చేశాడు, డెస్క్‌టాప్ పోయింది. తర్వాత ఆ ప్రశ్న అడిగే తీరునే మార్చేశారు. హెచ్చరికలు ఎన్ని ఉన్నాయన్నది లెక్కలోకి రాదు, చదివేంత అరుదుగా ఉన్నాయా అన్నదే లెక్క. పోల్‌కిట్ లాంటి ఏర్పాట్లు ప్రింటర్‌ను, వైఫైని మామూలు యూజర్‌కు వదిలేసి, సిస్టమ్ ప్యాకేజీలను మార్చడం లాంటి వాటికే అడ్మిన్‌ను పిలవగలుగుతున్నాయి. నేను చెప్పే రెండు అకౌంట్ల పద్ధతి ఇలాంటి ఏర్పాటు ఉన్నచోటే నిలుస్తుంది. లేకపోతే మూడో రోజునే జనం విసిగి, పాస్‌వర్డ్ అడక్కుండా సుడో నడిచేలా మార్చేసుకుంటారు. ఇంటర్నెట్‌లో ఆ చిట్కా ఉచితంగా దొరుకుతుంది.

రూట్‌కున్న అంత అధికారం ఎందుకు ప్రమాదమో ఒక ఖాళీ చోటు చెబుతుంది. 2011లో రెండు గ్రాఫిక్స్ చిప్పులున్న లాప్‌టాప్‌ల కోసం తయారైన బంబుల్‌బీ అనే సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ స్క్రిప్టులో, చెరపాల్సిన ఫోల్డర్ దారి మధ్య పొరపాటున ఒక స్పేస్ పడింది. లోపలెక్కడో ఉన్న చిన్న ఫోల్డర్‌ను తీసేయాల్సిన కమాండు ‘యూఎస్ఆర్’ ఫోల్డర్ మొత్తాన్ని తుడిచేసింది. ప్రోగ్రాములన్నీ ఉండేది అందులోనే. ఆ స్క్రిప్టు నడిచింది రూట్‌గా కాబట్టి అడ్డుకునేది లేకపోయింది. దీనికి జవాబుగా కొందరు ఇంకో సంఘటన చూపిస్తారు, చూపించాలి కూడా. 2015 జనవరిలో స్టీమ్ లినక్స్ స్క్రిప్టులో ఒక దోషం బయటపడింది. ఫోల్డర్‌ను చోటు మార్చిన ఒక యూజర్ ఫైళ్లన్నీ, బయటి డ్రైవులో దాచుకున్న బ్యాకప్‌తో సహా, తుడిచిపెట్టుకుపోయాయి. అక్కడ రూట్ ప్రమేయం లేదు. మామూలు యూజర్ అధికారమే అంత పని చేసింది. మన ఫొటోలు, ఉత్తరాలు, లెక్కలు, బ్రౌజర్‌లో తెరిచి ఉన్న బ్యాంకు పేజీ అన్నీ యూజర్ అకౌంటులోనే ఉన్నప్పుడు, రూట్‌ను కాపాడి ఏం లాభం, ప్రోగ్రాములు పోతే గంటలో మళ్లీ వేసుకోవచ్చు కదా అన్న ప్రశ్న న్యాయమైనదే. సగం ఒప్పుకుంటాను. రూట్ తాళం మన ఫొటోలను కాపాడదు, బ్యాకప్ కాపాడుతుంది, అదీ ఎప్పుడూ తగిలించి ఉంచని డ్రైవులో ఉంటే. మిగతా సగం మాత్రం ఒప్పుకోను. ఒకే కంప్యూటర్‌ను ఇంటిల్లిపాదీ వాడేచోట పిల్లవాడి అకౌంటులో దూరిన పురుగు తల్లి అకౌంటులోకి పాకకుండా ఆపేది ఈ గోడే. పైగా యూజర్ అకౌంటుకే పరిమితమైన పురుగును వేరే అకౌంటులోంచి చూసి పట్టుకోవచ్చు, ఆ అకౌంటునే తీసేయవచ్చు. రూట్ దాకా పోయిన పురుగు చూపించే సాధనాలనే మార్చేయగలదు, కెర్నల్‌లోకే చొరబడగలదు. అప్పుడు ఆ యంత్రం చెప్పే ఏ మాటనూ నమ్మలేం. నష్టం జరగడం ఒక ఎత్తు, జరిగిందో లేదో తెలుసుకునే వీలు పోవడం ఇంకో ఎత్తు.

రూట్‌కు తాళం వేస్తే సిస్టమ్ బూట్ కాక ఆగిపోయినప్పుడు ఎలా బాగుచేస్తారన్నది టెక్నీషియన్ల ప్రశ్న. డెబియన్‌లో ఈ ఇబ్బంది నిజంగానే ఉంది: రెస్క్యూ మోడ్ తెరవబోతే రూట్‌కు తాళం ఉందని చెప్పి నిలబడిపోతుంది. ఉబుంటు రికవరీ మెనూ అలా కాదు, రూట్‌కు తాళం ఉంటే పాస్‌వర్డ్ అడక్కుండానే రూట్ షెల్ ఇచ్చేస్తుంది. ఎలా ఉన్నా లైవ్ పెన్‌డ్రైవ్ పెట్టి బూట్ చేస్తే డిస్కులో ఏదైనా దిద్దుకోవచ్చు. అయితే దొంగ కూడా అదే పని చేయగలడు కదా? చేయగలడు. రూట్‌కు ఎంత గట్టి పాస్‌వర్డ్ ఉన్నా చేయగలడు. యంత్రం చేతికి చిక్కినవాడిని రూట్ పాస్‌వర్డ్ ఏనాడూ ఆపలేదు. ఆపేది డిస్కును ఎన్‌క్రిప్ట్ చేయడమే. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఆ గడిలో టిక్కు పెట్టించుకోని లాప్‌టాప్‌ను బస్సులో మరిచిపోతే, మిగతా చర్చంతా వృథా.

సుడోలోనే లోపాలున్నాయి కదా అనేవాళ్లకు చిన్న జవాబు చాలు. 2021 జనవరిలో క్వాలిస్ అనే భద్రతా సంస్థ బయటపెట్టిన సుడో లోపం 2011 నుంచీ దానిలోనే ఉంది. మరుసటి ఏడాది జనవరిలో అదే సంస్థ పోల్‌కిట్‌లో బయటపెట్టిన లోపం 2009 నాటిది. ఇన్నేళ్లు ఎవరికీ కనబడకపోవడం తలవంపే. కానీ రెండూ అప్పటికే యంత్రం లోపల అకౌంటు ఉన్నవాడికి పనికొచ్చేవి. రెండింటికీ సవరణలు వెంటనే వచ్చాయి, అప్‌డేట్లు ఆపుకోని యంత్రాల్లో మూసుకుపోయాయి. రూట్ పాస్‌వర్డ్ పెట్టుకున్నంత మాత్రాన అవి మూసుకునేవి కావు. ఉబుంటు 25.10లో సుడోను రస్ట్ భాషలో మళ్లీ రాసిన రూపం డిఫాల్ట్‌గానే వచ్చింది. ఈ మరమ్మతు సాగుతూనే ఉంటుంది.

చివరికి వచ్చేది అధికారం ఎవరిదన్న ప్రశ్న. గ్నూ ప్రాజెక్టు మొదలుపెట్టిన రిచర్డ్ స్టాల్‌మన్ ఆ ప్రాజెక్టు ‘ఎస్‌యూ’కు రాసిన వివరణలో, రూట్‌గా మారే హక్కును కొందరికే పరిమితం చేసే ‘వీల్’ గ్రూపును తాను ఎందుకు పెట్టలేదో చెప్పారు. 1984లో ఎంఐటీ కృత్రిమ మేధ ప్రయోగశాలలో కొందరు ఆపరేటర్ పాస్‌వర్డ్ మార్చేసి మిగతా అందరినీ బయటికి నెట్టబోయారట. మళ్లీ అలాంటిది జరిగితే పాస్‌వర్డ్ తెలిసిన మంచివాడెవడో మిగతావాళ్లకు చెప్పగలిగేలా ఉండాలన్నది ఆయన వాదం. (మన ఊళ్లో కరణాలు పోయిందీ, అక్కడ కరణాలు పుట్టబోయిందీ ఒకే ఏడాది కావడం తమాషా.) ఒకే యంత్రం చుట్టూ వందమంది ఉన్న కాలానికి ఆ వాదంలో న్యాయముంది. ఇవాళ్టి లాప్‌టాప్ అలా కాదు, దానికి సొంతదారు ఉన్నాడు. కానీ షాపులో లినక్స్ వేయించుకున్న మనిషి పరిస్థితి ఆ ప్రయోగశాలలో బయటికి నెట్టబడినవాళ్ల పరిస్థితే: యంత్రం తనది, రూట్ పాస్‌వర్డ్ టెక్నీషియన్‌ది. తర్వాత ఏ చిన్న పని పడినా మళ్లీ అతని దగ్గరికే పోవాలి. అతను మంచివాడు కావచ్చు, చాలామంది మంచివాళ్లే. అయినా అదే పాస్‌వర్డ్ అతను వేసిచ్చిన ప్రతి లాప్‌టాప్‌లోనూ ఉండదని హామీ ఏముంది?

కాబట్టి లాప్‌టాప్ తెచ్చుకున్న రోజునే, షాపు కౌంటర్ దగ్గరే అయితే మరీ మంచిది, రెండు సంగతులు చూసుకోవాలి. డెబియన్, ఉబుంటు కుటుంబంలో టెర్మినల్ తెరిచి ‘గెటెంట్ గ్రూప్ సుడో’ (getent group sudo) అని ఇంగ్లిషు అక్షరాల్లో కొడితే అడ్మిన్ అధికారం ఉన్నవాళ్ల పేర్లు వస్తాయి. అందులో మీ అడ్మిన్ అకౌంటు ఉండాలి, షాపువాడి టెస్ట్ అకౌంటు ఉండకూడదు. మీ సుడో పనిచేస్తోందని తేలాకే రూట్‌కు తాళం వేయించాలి, ముందు వేస్తే మీరే బయట మిగులుతారు. ఆ తర్వాత రూట్ పాస్‌వర్డ్ స్థితి చూపించమని షాపువాడిని అడగండి. రూట్ పేరు పక్కన ‘ఎల్’ అక్షరం కనబడితే తాళం పడింది. ‘ఎన్‌పి’ అని ఉంటే గడి ఖాళీ, తలుపు బార్లా. ‘పి’ అని ఉంటే అక్కడ ఎవరో పెట్టిన పాస్‌వర్డ్ ఒకటి ఇంకా ఉన్నట్టు. అదేమిటో చెప్పమని అడగొద్దు, తీసేయమని అడగండి.